డ్రమ్ము దుంకని చోట

నర్సంపేట వైపు ఒక రోడ్డు పని. మార్చి నెలాఖరు. కాంట్రాక్టరు దగ్గర క్వాలిటీ ల్యాబులో చేరి నాకు అప్పటికి మూడేళ్లు. రోడ్డు పొరలన్నిటినీ కింద మోసే మట్టిని సబ్‌గ్రేడు అంటాం. దాని ఆఖరి పొర మీద రోలరు తిరుగుతుంటే, నేను తక్కెడ, ఇసుక డబ్బా, తేమ చూసే మీటరు పట్టుకుని వెనక నడుస్తున్నాను. రోలరు నడిపే పెద్దాయనది జనగామ దిక్కు. ఇరవై ఏండ్లుగా అదే పని. ఒకచోట ఆయన ఇంజను బంద్ చేయకుండానే రోలరు ఆపి, నన్ను రమ్మని చెయ్యి ఊపాడు.

"సారూ, ఈడ డ్రమ్ము దుంకుతలేదు. కిందికి గుంజుతాంది."

"ఎన్ని పాసులైనయ్ అన్నా?"

"ఎనిమిదైనయ్. ఆ మామిడిచెట్టు దాక మంచిగ ఎగురుతాంది. ఈడికొస్తె సప్పుడే మారుతాంది. కింద నీళ్లున్నయ్ సారూ, సూస్కోండ్రి."

నేను చూశాను. అంటే, నాకు నేర్పినట్టు చూశాను. జానెడు కూడా లేని గుండ్రటి గుంత తవ్వి, తీసిన మట్టిని తూచి, ఆ గుంతలో ఇసుక పోసి ఎంత పట్టిందో లెక్కకట్టాను. మీటరులో కొంచెం మట్టి, కార్బైడు పొడి వేసి మూత బిగించి ఊపాను. మూత తీస్తే మామిడికాయలు మాగేసే గోదాములో వచ్చే వాసన. తేమ హద్దులోనే ఉంది. సాంద్రత, ల్యాబులో అదే మట్టిని దట్టిస్తే వచ్చే గరిష్ఠ సాంద్రతలో 98 శాతం వచ్చింది. సబ్‌గ్రేడుకు 97 చాలు. పాస్ అని రాసి సంతకం పెట్టాను. డ్రమ్ము ఎట్లా ఎగిరిందో రాయడానికి ఆ ఫారంలో గడి లేదు.

రెండో ఏడు వినాయక చవితికి ముందు అదే దారిలో బస్సులో పోతుంటే, మామిడిచెట్టు దాటగానే బస్సు ఒక కుదుపు కుదిపింది. దిగి వెనక్కి నడిచాను. చక్రాలు పోయే రెండు జాడలూ దిగబడి, డాంబరు మొసలి చర్మంలా పగిలి ఉంది. పగుళ్లలోంచి సన్నటి నల్లమట్టి బురద పైకి వస్తోంది. సరిగ్గా ఆయన రోలరు ఆపిన చోటు. ఆ తర్వాత తవ్వినప్పుడు తెలిసింది, రోడ్డు కట్టకు రెండడుగుల లోతున పాత పంటకాలువ ఉండేదని, దాన్ని పూడ్చకుండా పైనే మట్టి పోసుకుంటూ వచ్చారని. నా గుంత లోతు ఆరు అంగుళాలు. రోలరు డ్రమ్ము కింద మీటరు లోతు దాకా మట్టి అదురుతుంది. ఆయనకు తెలిసింది నాకు తెలియకపోవడానికి కారణం అదొక్కటే. ఆయన వాడిన పరికరం నా పరికరం కంటే లోతుగా చూసింది, పైగా చూడాల్సినదాన్ని చూసింది.

ఇది జరిగి చాలా కాలమైంది. ఇప్పుడు హనుమకొండలో నా సొంత టెస్టింగ్ ల్యాబు ఉంది. ఈ వ్యాసంలో నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. మన రోడ్ల కింద ఉన్న నేల ఎంత బిగువుగా ఉందో మనం కొలవడం లేదు. దాని చుట్టూ ఉన్నవి కొలుస్తున్నాం, కొలిచినవాటి నుంచి బిగువును ఊహిస్తున్నాం, ఆ ఊహను కాగితం మీద అంకెగా రాసేసరికి అది కొలతే అనుకుంటున్నాం.

ముందు బలం, బిగువు వేరువేరని ఒప్పుకోవాలి. నులక మంచం మీద కూర్చుంటే అది కొంచెం కుంగుతుంది, లేవగానే మళ్లీ పైకొస్తుంది. ఎంత బరువు పెడితే తాడు తెగుతుందన్నది దాని బలం. మీరు కూర్చున్నప్పుడు ఎంత కుంగిందన్నది దాని బిగువు. తాడు గట్టిదే అయినా, వదులైన మంచం నడుములు పోగొడుతుంది. రోడ్డుకు సరిగ్గా ఇదే జరుగుతుంది. లారీ పోయిన ప్రతిసారీ రోడ్డు మిల్లీమీటరులో కొంత భాగం కిందికి వంగి మళ్లీ లేస్తుంది. వంగినప్పుడల్లా డాంబరు పొర అడుగుభాగం సాగుతుంది. ఒకసారికి ఏమీ కాదు. లక్షలసార్లు సాగితే అడుగున సన్నటి పగులు పుట్టి పైకి పాకుతుంది. మన కంటికి కనబడేసరికి లోపల పని అయిపోయి ఉంటుంది. కింది నేల ఎంత వదులైతే పైపొర అంత ఎక్కువ వంగుతుంది. రోడ్డు ఎన్నేళ్లు ఉంటుందన్నది చాలావరకు ఈ వంగుడు మీదే ఆధారపడి ఉంది. ఒక్క లారీ బరువుకు రోడ్డు కూలిపోవడమనేది మన దగ్గర దాదాపు జరగదు.

ఈ వంగి లేచే గుణాన్ని పుస్తకాల్లో రెసిలియెంట్ మాడ్యులస్ అంటారు. దాన్ని కొలిచే పరీక్ష ఉంది. మట్టిని స్తంభంలా మలిచి, చుట్టూ గాలి ఒత్తిడి పెట్టి, పైనుంచి సెకనులో పదో వంతు కాలం బరువు వేసి, మిగతా 0.9 సెకను వదిలేస్తారు. లారీ చక్రం వచ్చి పోయినట్టన్నమాట. మొదట వందలసార్లు అలవాటు చేసి, తర్వాత 15 రకాల ఒత్తిళ్ల దగ్గర వందేసి సార్లు కొట్టి, ఎంత తిరిగి లేచిందో చూస్తారు. అమెరికా రోడ్ల డిజైను గైడు 1986లోనే నేలను ఈ విలువతో లెక్కించమంది. కానీ దానికి ఖరీదైన యంత్రం కావాలి, చేయడం తెలిసిన మనిషి కావాలి, రోజుకు ఒకటో రెండో మించి నమూనాలు కావు. మన జిల్లాల్లో రోడ్డు పనికి మట్టి వెళ్లేది ఆ యంత్రం దగ్గరికి కాదు. సీబీఆర్ మౌల్డులోకి.

సీబీఆర్, అంటే కాలిఫోర్నియా బేరింగ్ రేషియో, పుట్టింది కాలిఫోర్నియాలో, 1920ల చివర. అక్కడి హైవే శాఖలో ఓ.జె. పోర్టర్ దాన్ని తయారుచేశారు. రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యపు ఇంజనీర్లు రన్‌వేల కోసం దాన్ని అందిపుచ్చుకున్నారు. అక్కడినుంచి లోకమంతా పాకింది. నేను ఇప్పటికి కొన్ని వేల సీబీఆర్‌లు చేసి ఉంటాను. మట్టిని 15 సెంటీమీటర్ల వెడల్పున్న ఇనుప మౌల్డులో దట్టించి, పైన బరువులు పెట్టి, నాలుగు రోజులు నీళ్లలో ముంచుతాం. తర్వాత తీసి, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప కడ్డీని నిమిషానికి 1.25 మిల్లీమీటర్ల చొప్పున మెల్లగా దించుతాం. 2.5 మిల్లీమీటర్లు దిగేసరికి ఎంత బరువు పట్టిందో చూస్తాం. మంచి కంకరకైతే అక్కడ 1370 కిలోలు పట్టాలి. మన మట్టి అందులో ఎన్నో వంతు మోసిందన్నదే సీబీఆర్.

రేగొండ, పరకాల వైపు నల్లరేగడి మౌల్డును నాలుగో రోజు తొట్టిలోంచి తీయడం నాకు ఇప్పటికీ దిగులుగానే ఉంటుంది. ముంచినప్పుడు రాయి. గోరు దిగేది కాదు. తీసేటప్పుడు పైన పెట్టిన బరువులను కూడా ఎత్తుకుని మట్టి ఉబ్బి ఉంటుంది. వడపోత కాగితం ఒలిస్తే మట్టి దానికి అంటుకుని వస్తుంది. వేలితో తాకితే వేలిముద్ర పడుతుంది. కడ్డీ దిగుతుంటే డయలు ముల్లు బద్ధకంగా కదిలి 27 కిలోల దగ్గర ఆగుతుంది. 1370లో 27. అంటే 2 శాతం. అదే మట్టిని మే నెలలో చేను గట్టు మీద గడ్డపారతో కొడితే నిప్పురవ్వలు రాలేటట్టుండేది. ఒకే మట్టికి రెండు స్వభావాలు, మధ్యలో ఉన్నది నీళ్లు మాత్రమే.

సీబీఆర్‌ను నేను తిట్టడం లేదు. చౌకైన పరీక్ష, ఏ ల్యాబులోనైనా చేయొచ్చు, నాలుగు రోజులు నానబెట్టడం వల్ల మట్టిని దాని చెడ్డ రోజున చూపిస్తుంది. నా అభ్యంతరం దాని తర్వాతి మెట్టు మీద. కడ్డీని ఒక్కసారి, మెల్లగా, మట్టి పక్కకు తప్పుకునేదాకా గుచ్చడం బలానికి సంబంధించిన కొలత. మనకు కావలసింది బిగువు. అందుకని ఒక సూత్రం పెట్టుకున్నాం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ వాళ్ల రోడ్డు డిజైను పుస్తకం ఐఆర్‌సీ 37 ప్రకారం, సీబీఆర్ 5 లోపుంటే దాన్ని 10తో హెచ్చిస్తే బిగువు వస్తుంది, దాని కొలమానం మెగాపాస్కల్. 5 దాటితే సీబీఆర్‌ను 0.64 ఘాతానికి తీసుకుని 17.6తో హెచ్చించాలి. సీబీఆర్ 2 అయితే 20. 5 అయితే 50. 10 అయితే దాదాపు 77. కాలిక్యులేటరు మీద పది సెకన్ల పని.

ఆ 10 ఎక్కడిది? 1962లో హ్యూకెలోమ్, క్లాంప్ అనే ఇద్దరు పరిశోధకులు రోడ్ల మీద ప్రకంపనల వేగంతో బిగువు కొలిచి, అక్కడి సీబీఆర్‌తో పోల్చి చూశారు. వాళ్లకు దొరికింది ఒక అంకె కాదు, ఒక మేఘం. గుణకం 5 నుంచి 20 దాకా చెల్లాచెదురుగా ఉంది. మధ్యలోంచి గీత గీస్తే 10 వచ్చింది. అంటే సీబీఆర్ 4 ఉన్న నేల 20 మెగాపాస్కల్‌లదైనా కావొచ్చు, 80దైనా కావొచ్చు. డిజైను కాగితం మీద మాత్రం 40 అని ఉంటుంది, పక్కన ఏ ప్రశ్నార్థకమూ లేకుండా. గీత గీసినవాళ్ల తప్పు లేదిందులో. వాళ్లు మేఘాన్ని కూడా చూపించారు. మనమే మేఘాన్ని వదిలేసి గీతను ఇంటికి తెచ్చుకున్నాం.

అది నేల ఒక్కదానితో ఆగదు. చాలామంది కాంట్రాక్టర్లు, కొందరు ఇంజనీర్లు కూడా, "కింద మట్టి ఎట్లున్నా ఏం, పైన మెటల్ మంచిది వేస్తున్నాం గదా" అంటారు. మన దగ్గర మంచి రాయికి కొదవ లేదు, కరీంనగర్ గ్రానైటు దేశాలు దాటిపోతుంది, ఇక్కడి క్రషర్ల కంకర మీద నాకే ఫిర్యాదూ లేదు. కానీ కంకర బిగువు కంకరది మాత్రమే కాదు. ఐఆర్‌సీ లెక్కే తీసుకోండి. కంకర పొర మందాన్ని మిల్లీమీటర్లలో 0.45 ఘాతానికి తీసుకుని, 0.2తో హెచ్చించి, దాన్ని కింది నేల బిగువుతో హెచ్చించమంటుంది. 450 మిల్లీమీటర్ల కంకరను 50 మెగాపాస్కల్‌ల నేల మీద వేస్తే ఆ కంకర సుమారు 156 మెగాపాస్కల్‌లుగా పనిచేస్తుంది. అదే క్రషరు, అదే రాయి, అదే మందం, 20 మెగాపాస్కల్‌ల రేగడి మీద వేస్తే 62. కింద పట్టు లేకపోతే పైన ఎంత గట్టి రాయైనా రోలరు కింద ఒకదానితో ఒకటి బిగుసుకోలేదు, పక్కకు జరిగిపోతుంది. వదులు మంచం మీద చెక్క వేసి కూర్చున్నా కుంగుతూనే ఉంటారు.

కంకర, ఇసుకలకు ఇంకో గుణం ఉంది. చుట్టూ నొక్కిపట్టి ఉంచితే అవి బిగుస్తాయి. వదిలేస్తే జారిపోతాయి. కుప్పగా పోసిన ఇసుకలో కాలు పెడితే మడమ దాకా దిగుతుంది, అదే ఇసుకను బస్తాలో కుక్కి మూతి కుడితే దాని మీద నిలబడొచ్చు. 1213లో కట్టిన రామప్ప గుడి ఇసుకపెట్టె పునాది మీద ఉందని మన దగ్గర పిల్లలకు కూడా తెలుసు, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు ప్రతి టీవీలోనూ చెప్పారు. అయితే అందరూ "ఇసుక మీద కట్టారట" అని ఆశ్చర్యపోతారు. ఆశ్చర్యపోవాల్సింది ఇసుక గురించి కాదు. దాన్ని గుంతలో నాలుగు వైపులా కదలకుండా నింపడం గురించి. తడిసినా ఇసుక ఉబ్బదు, ఎండినా నెర్రెలు బాయదు. పక్కకు పోయే దారి లేకపోతే బరువు పెరిగినకొద్దీ గట్టిపడుతుంది. మన పల్లె రోడ్ల అంచులు ఎందుకు విరుగుతాయో కూడా ఇదే చెబుతుంది. 3.75 మీటర్ల రోడ్డు, ఎదురుగా పత్తి ట్రాక్టరు వస్తే ఒక చక్రం కిందికి దించక తప్పదు. అక్కడ బర్ము, అంటే డాంబరు పక్కన ఉండాల్సిన మట్టి అంచు, ఉండదు. ఉన్నా మొదటి వానకు కోసుకుపోయి, రోడ్డు అంచు జానెడెత్తు గట్టులా మిగులుతుంది. కంకరను పక్కనుంచి పట్టుకునేది ఏదీ లేదు. బస్తా మూతి విప్పేసినట్టే. బర్ముకు మొరం వేసి తొక్కించడం అలంకారమని, బిల్లులో చివరి ఐటమని అనుకునేవాళ్లకు ఈ మాట ఎన్నిసార్లు చెప్పినా నాకు విసుగు రాదు.

కాలం సంగతి ఇంకా పెద్దది. మన రోడ్డు పనులు జనవరి నుంచి మే దాకా జోరుగా సాగుతాయి. అదే సరైన కాలం కూడా, వానలో మట్టిపని చేయలేం. కానీ అంటే మనం చేసే ప్రతి పరీక్షా మట్టి అత్యంత గట్టిగా ఉన్న నెలల్లో జరుగుతున్నది. జూన్ మొదటివారంలో రోడ్డు అప్పగిస్తాం. ఆ తర్వాత నాలుగు నెలలు దాని మీదికి ఏ పరికరమూ పోదు. భాద్రపదంలో, వాగులు నిండి చెరువులు మత్తడి దుంకుతున్నప్పుడు, పక్క కాలువలు పూడిపోయి నీళ్లు రోడ్డు కడుపులోకి పోతున్నప్పుడు, ఆ రోడ్డు ఎంత కుంగుతున్నదో చూసినవాడు ఎవడూ లేడు, దాని మీద పోయే లారీ డ్రైవర్లు తప్ప. బంకమట్టిలో తేమ సరైన పదును కంటే రెండు మూడు శాతం పెరిగితే చాలు, బిగువు సగానికి పడిపోవచ్చు. సాంద్రత అప్పుడూ దాదాపు అంతే ఉంటుంది. నా నర్సంపేట రిపోర్టులో 98 శాతం ఆ సెప్టెంబరులో కూడా 98 శాతంగానే ఉండి ఉంటుంది.

డాంబరుది సరిగ్గా దీనికి ఎదురు. వీజీ 30 రకం డాంబరుతో వేసిన పొరకు ఐఆర్‌సీ 20 డిగ్రీల దగ్గర 3500 మెగాపాస్కల్‌లు, 35 దగ్గర 2000, 40 దగ్గర 1250 తీసుకోమంటుంది. రామగుండంలో మే నెలలో గాలే 45 దగ్గర ఉంటే రోడ్డు ఒళ్లు ఇంకెంత కాలుతుందో అక్కడ చెప్పులు లేకుండా నడిచినవాళ్లకు తెలుసు. కాబట్టి ఎండాకాలంలో పైపొర మెత్తబడుతుంది, నేల గట్టిగా ఉండి కాపాడుతుంది. వానాకాలంలో పైపొర కొంచెం గట్టిపడుతుంది, నేల చేతులెత్తేస్తుంది. ఏ రోజు ఎవరు ఎంత మోస్తున్నారో తెలియాలంటే ఏడాదికి ఒక అంకె చాలదు. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో 1958 నుంచి 1960 దాకా రెండేళ్లు లారీలు తిప్పి చేసిన ఆశో రోడ్డు పరీక్షలో వాళ్లకు అర్థమైన పెద్ద విషయాల్లో ఒకటి ఇదే. అక్కడ రోడ్లు ఎక్కువగా చెడిపోయింది వసంతంలో, మంచు కరిగి నేల నానిన వారాల్లో. వాళ్ల వసంతం మన భాద్రపదం. వాళ్లు ఆ వారాలను లెక్కలోకి తీసుకున్నారు. మనం వాళ్ల లెక్కలు తీసుకున్నాం, మన వారాలను మాత్రం ఇంకా కొలవలేదు.

ఒకసారి నేను కొలిచాను. హుజూరాబాద్ వైపు, సెప్టెంబరు చివరి వారం, బెంకెల్‌మన్ బీముతో. 1950లలో వచ్చిన సాదాసీదా సాధనమది, పొడవాటి తులాదండం. వెనక యాక్సిలు మీద 8170 కిలోలు వచ్చేట్టు లారీ నింపి, జంట టైర్ల మధ్య సందులోకి దాని కొనను దూర్చాలి. లారీ మెల్లగా ముందుకు పోతుంది. బరువు తీసేసరికి రోడ్డు లేస్తుంది, అవతలి కొన దగ్గర డయలు ముల్లు తిరుగుతుంది. చేతుల పొడవు రెండుకు ఒకటి గనక డయలు చూపినదానికి రెట్టింపు రాసుకోవాలి. నేను రోడ్డు మీద బోర్లా పడుకుని ముల్లును చూస్తున్నాను. తడిసిన డాంబరు చల్లగా పొట్టకు తగులుతున్నది. మొదటి చోట ముల్లు కొంచెం కదిలి ఆగింది. 0.5 మిల్లీమీటర్లు. రెండు వందల మీటర్లు పోయాం. రోడ్డు అదే నలుపు, అదే నునుపు, ఒక్క పగులు లేదు. లారీ కదిలింది. ముల్లు కదలడం మొదలుపెట్టి ఆగలేదు. లారీ తొమ్మిది మీటర్లు పోయి ఆగాక కూడా అది ఇంకా సన్నగా జరుగుతూనే ఉంది. 1.4 మిల్లీమీటర్లు. నా వెనక నిలబడ్డ కుర్ర ఇంజనీరు, "అన్నా, రెండూ ఒక్కతీరుగనే ఉన్నయి గదా" అన్నాడు. పక్కన వరిచేలో నీళ్లు రోడ్డు కట్ట మొదలుకు ఆనుకుని నిలిచి ఉన్నాయి. అది మాత్రం ఒక్కతీరుగా లేదు.

మరుసటి ఏడు ఆ 1.4 చోటు పగిలింది. అప్పుడు పైన ఇంకో డాంబరు పొర వేశారు. నీళ్లు అట్లాగే ఉన్నాయి.

ఇప్పుడు అంతకంటే మంచి యంత్రాలున్నాయి. ఫాలింగ్ వెయిట్ డిఫ్లెక్టోమీటర్ అనేది 300 మిల్లీమీటర్ల పళ్లెం మీద బరువు జారవిడిచి, రోడ్డు మీద వరుసగా పెట్టిన సెన్సర్లతో ఎక్కడ ఎంత కుంగిందో చూస్తుంది. పళ్లెం మధ్యలో ఉన్న సెన్సరు అన్ని పొరల కుంగుడునూ కలిపి చెబుతుంది. దూరంగా ఉన్న సెన్సరు లోతున ఉన్న నేల సంగతి చెబుతుంది. ఆ కుంగిన గిన్నె ఆకారం నుంచి వెనక్కి లెక్కకట్టి పొర పొరకూ బిగువు తీయొచ్చు. మనకు దీని మీద 2014 నుంచి ఐఆర్‌సీ 115 ఉంది. జాతీయ రహదారుల మీద వాడుతున్నారు కూడా. నేను మాట్లాడుతున్నది మండలం నుంచి మండలానికి పోయే రోడ్ల గురించి. బొగ్గు, ఇసుక, గ్రానైటు లారీలు పట్టపగలు వాటి మీదే పోతాయి. 2018లో కేంద్రం, నాలుగు టైర్ల సింగిల్ యాక్సిలు మీద అనుమతించిన బరువును 10.2 టన్నుల నుంచి 11.5కు పెంచింది. చూడ్డానికి ఎనిమిదో వంతు పెంపే. రోడ్డుకు జరిగే నష్టం బరువు నాలుగో ఘాతంతో పెరుగుతుందనే లెక్కన చూస్తే ఒకటిన్నర రెట్లు దాటుతుంది. ఆ రోడ్లను డిజైను చేసినప్పుడు ఈ బరువు లేదు.

ఇంకో దారి ఉందని కొందరంటారు. కొలవడం ఎందుకు, కంప్యూటరుతో ఊహిద్దాం అని. మట్టిలో బంక ఎంత, ఇసుక ఎంత, ప్లాస్టిసిటీ ఎంత, తేమ ఎంత అని ఇస్తే న్యూరల్ నెట్‌వర్కు బిగువు చెప్పేస్తుంది. నా ల్యాబుకు ఇంజనీరింగ్ పిల్లలు ప్రాజెక్టు కోసం వస్తారు. చురుకైన పిల్లలు, ఎన్‌ఐటీ వాళ్లతో మాట్లాడితే నాకే కొత్త విషయాలు తెలుస్తాయి. వాళ్లు లాప్‌టాప్‌లో గీత చూపించి, చుక్కలన్నీ గీత మీదే ఉన్నాయని సంబరపడతారు. ఈ చుక్కలు ఎక్కడివి అని అడుగుతాను. ఎక్కువసార్లు అవి అమెరికా డేటా. అక్కడ 1987లో మొదలైన దీర్ఘకాల రోడ్ల పరిశీలనలో రెండున్నర వేలకు పైగా రోడ్డు ముక్కలను ఏండ్ల తరబడి కొలిచి, ఆ అంకెలన్నీ ఎవరైనా తీసుకునేట్టు పెట్టారు. అందుకు వాళ్లకు చేతులెత్తి దండం పెట్టాలి. కానీ రేగొండ రేగడి అందులో లేదు. మన చల్క లేదు, మన మొరం లేదు, వరి నాట్లప్పుడు రోడ్డు కట్టకు ఆనుకుని నిలిచే నీళ్లు లేవు. లేని మట్టి గురించి ఏ నెట్‌వర్కూ నేర్చుకోలేదు. ఊహించడానికి నేను వ్యతిరేకిని కాదు. ప్రతి కిలోమీటరూ ఎవరూ కొలవలేరు, ఎక్కడో ఒకచోట ఊహించక తప్పదు. అయితే ముందు మన నేలను మనం కొలిచి ఇస్తేనే ఆ పిల్లల తెలివి మనకు పనికొస్తుంది. ఇప్పుడు ఆ డేటా ఎక్కడుంది? నా బీరువాలో రెండు అరల నిండా, ఇంకెవరి బీరువాలోనో ఇంకో నాలుగు అరల నిండా, బిల్లు పాసయ్యాక ఎవరూ తెరవని ఫైళ్లలో ఉంది.

ఖర్చు అంటారు. ఆ మాటను నేను తేలిగ్గా తీసుకోను, చిన్న కాంట్రాక్టరు బతుకు నాకు తెలుసు. కానీ నేను అడుగుతున్నది లక్షల యంత్రం కాదు. డైనమిక్ కోన్ పెనెట్రోమీటర్ అని ఒక ఇనుప కడ్డీ, కింద 60 డిగ్రీల మొన, పైన 8 కిలోల సుత్తి. సుత్తిని 575 మిల్లీమీటర్ల ఎత్తు నుంచి వదులుతూ దెబ్బకు ఎంత దిగిందో రాసుకోవడమే. ఇద్దరు మనుషులు, ఒక బైకు చాలు. చిన్న వెల్డింగు షాపులో కూడా సరైన కొలతలిస్తే తయారు చేస్తారు. నేను మొదట వాడింది అట్లా చేయించిందే. అది కూడా నేరుగా బిగువు చెప్పదు, నిజమే. కానీ 80 సెంటీమీటర్ల లోతు దాకా పోయి, మెత్తటి పొర ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో చెబుతుంది. నా ఆరంగుళాల గుంత చూడలేని పంటకాలువను అది పది నిమిషాల్లో పట్టేది. దానికి తోడు పది కిలోల బరువు పడే చిన్న డిఫ్లెక్టోమీటర్ జిల్లాకు ఒకటి ఉన్నా, సబ్‌గ్రేడు పొర మీద యాభై మీటర్లకోసారి నేరుగా బిగువు చూసుకోవచ్చు. సాంద్రత పరీక్ష తీసేయమనడం లేదు. పక్కన ఇంకో గడి పెట్టమంటున్నాను.

అన్నిటికంటే ముఖ్యంగా, కొత్త రోడ్డును మొదటి వానాకాలం దాటకుండా పాస్ చేయొద్దు. పని ముగించడం మే నెలలోనే కానివ్వండి, కాంట్రాక్టరుకు రావాల్సిన డబ్బులో ఎక్కువభాగం అప్పుడే ఇచ్చేయండి. కానీ వినాయక చవితికీ దసరాకూ మధ్య ఒకరోజు లారీ నింపి, బీము పెట్టి, కుంగుడు రాసి, ఆ అంకెను రోడ్డు పక్కన బోర్డు మీద పని విలువ, కాంట్రాక్టరు పేరు రాసే చోటే రాయండి. ప్రధానమంత్రి గ్రామ సడక్ రోడ్లకు ఐదేళ్ల నిర్వహణ బాధ్యత కాంట్రాక్టరు మీద ఉంటుంది గదా అని ఒక మిత్రుడు వాదించాడు. ఉంటుంది. ఆ ఐదేళ్లలో గుంత పడితే పూడుస్తారు. గుంత పడకముందే అది ఎక్కడ పడబోతున్నదో మొదటి భాద్రపదంలో తెలిస్తే, ఐదేళ్లు డాంబరు పోయడానికి బదులు ఒక మూర లోతు పక్క కాలువ తవ్వి నీళ్లను దారి మళ్లించొచ్చు. నేల బిగువు పెంచడానికి నాకు తెలిసిన మందుల్లో అన్నిటికంటే చౌకైనది అదే. రేగడికి సున్నం కలపడం మంచిదే, నేనూ చేయించాను, మట్టి ఉబ్బుడు తగ్గి చేతికి అంటుకోకుండా పొడిపొడిగా మారుతుంది. కానీ సున్నం కలిపిన మట్టిని కూడా నీళ్లలో నిలబెట్టి ఉంచొద్దు.

ఈ ఏడాది ఏప్రిల్‌లో పరకాల దగ్గర ఒక పనికి నన్ను పరీక్షలకు పిలిచారు. రోలరు మీద ఉన్నది పాతికేళ్ల కుర్రాడు. మొదటిరోజే అతనికి చెప్పాను, డ్రమ్ము సప్పుడు ఎక్కడ మారితే అక్కడ సున్నం గీత గీయమని. మూడో రోజు సాయంత్రం వచ్చి, "సారూ, ఒక్కకాడ ఎగురుతలేదు, గీత గీసిన" అన్నాడు. సాంద్రత 97.5 వచ్చింది. కోన్ పెట్టాం. మొదటి అడుగు దాకా దెబ్బకు 14 మిల్లీమీటర్లు దిగింది. తర్వాత ఒక్కసారిగా దెబ్బకు 40. సైటు ఇంజనీరును పిలిచి ఇంకో పది దెబ్బలు ఆయన ముందే కొట్టించాను. మరుసటిరోజు పొద్దున జేసీబీ పెట్టి తవ్వితే, పక్క చెరువు కట్ట నుంచి వచ్చే ఊట, పాత రోడ్డు కింద మెత్తటి నల్లమట్టి. ఆ మట్టి ఎత్తేసి, మొరం నింపి, ఊట బయటికి పోయేట్టు పైపు వేశారు. నా రిజిస్టరులో సాంద్రత గడి పక్కన చేత్తో ఇంకో గీత కొట్టి "డ్రమ్ము" అని రాసుకున్నాను. దాని కింద ఛైనేజి, అంటే రోడ్డు మొదలు నుంచి ఆ చోటు ఎంత దూరమో, కుర్రాడు చెప్పిన మాట, కోన్ అంకెలు. ఇంకో గడి ఖాళీగా ఉంది. దసరాకు ముందు బీముతో వెళ్లి నింపాలి.